బండ్లు తిరగని దారిలో ఎడమ డొక్క నొప్పి

ఎడమ డొక్కలో మొదటి పోటు వచ్చినప్పుడు నేను హిమాచల్‌లో ఒక పాత కనుమదారి మీద, పన్నెండో మలుపులో ఉన్నాను. ఉదయం పదిన్నర అయి ఉంటుంది. సైకిల్ దిగి, హ్యాండిల్ మీద నుదురు ఆనించి నిలబడ్డాను. పక్కటెముకల కింద ఎవరో లోపలినుంచి బొటనవేలితో నొక్కిపట్టినట్టు ఉంది. పది ఊపిరులు లెక్కపెట్టేసరికి కాస్త సడలింది. సడలింది కదా అని మళ్ళీ సైకిలెక్కాను. ఇది రాయడానికి కూర్చున్నప్పుడల్లా నా మీద నాకు మండుకొచ్చేది ఆ మళ్ళీ ఎక్కడం దగ్గరే.

నా పేరు సుజాత. నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో, ఖుర్సీపార్‌లో అమ్మతోనూ తమ్ముడు కిరణ్‌తోనూ ఉంటాను. మావాళ్ళది శ్రీకాకుళం వైపు. స్టీల్ ప్లాంట్ కట్టే రోజుల్లో తాతగారు పనికోసం వచ్చారు, ఇక తిరిగి వెళ్ళలేదు. నేను ఒక లేబొరేటరీలో కాంట్రాక్టు మీద పనిచేస్తాను. గనుల నుంచి వచ్చే సున్నపురాయిని పొడిచేసి, అందులో సిలికా ఎంతుందో మెగ్నీషియా ఎంతుందో చెప్పడం నా పని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళు ఈమధ్య తగ్గారు, అదొక సుఖం.

సైకిల్ సంగతి చెప్పాలంటే నాన్న సంగతి చెప్పాలి. నాన్న ప్లాంట్‌లో కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసేవాడు. నేను పన్నెండో తరగతిలో ఉండగా, సెకండ్ షిఫ్టుకి సైకిల్ మీద వెళ్తుంటే ట్రైలర్ లారీ గుద్ది పోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో చాలా ఏళ్ళు ఎవరూ సైకిల్ అన్న మాటే ఎత్తలేదు. ఐదేళ్ళ కిందట నేను గ్రావెల్ సైకిల్ కొనుక్కుని ఇంటికి తెచ్చినప్పుడు అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు అన్నం వడ్డిస్తూ ఒక షరతు పెట్టింది. బండ్లు తిరగని దారైతేనే వెళ్ళాలి, లారీలు తిరిగే రోడ్డు ఎక్కితే తన మీద ఒట్టు.

ఆ షరతు నాకు మంచే చేసింది. గ్రావెల్ సైకిల్ అంటే చూడటానికి రేసు సైకిల్లాగే ఉంటుంది, హ్యాండిల్ కిందికి వంగి ఉంటుంది. టైర్లు మాత్రం లావు. కంకర మీద, మట్టి మీద, గులకరాళ్ళ మీద పోతుంది. బండ్లు తిరగని దారులు వెతకడం నాకు పిచ్చిగా పట్టుకుంది. నందిని సున్నపురాయి గనుల వెనక, తవ్వకం ఆపేసిన వైపు, డంపర్లు తిరిగిన పాత దారులున్నాయి. తెల్లటి దుమ్ము, పక్కన గోతుల్లో పచ్చగా నిలిచిన నీళ్ళు, ఆదివారం పూట మేకలు తప్ప ఎవరూ ఉండరు. కాలువ గట్ల మీద ఒక్క లారీ ఎదురుకాకుండా ముప్పై కిలోమీటర్లు పోవచ్చు. ఒక నోట్‌బుక్ పెట్టి అన్నీ రాసుకునేదాన్ని. ఎక్కడ నీళ్ళు దొరుకుతాయి, ఎక్కడ ముల్లు గుచ్చుకుంటుంది, ఏ ఊళ్ళో కుక్కలు వెంటపడతాయి అని.

నాతోపాటు తిరిగేవాళ్ళు ఇద్దరు. చరోదా రైల్వే కాలనీలో ఉండే ఫిలిప్ అన్న, వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టర్, ఏభై దాటాయి. ఆయన కూతురు రూతు, నర్సింగ్ చదివి ఉద్యోగం వెతుక్కుంటోంది. రూతుకి తెలుగు కంటే హిందీ బాగా వచ్చు, నన్ను దీదీ అంటుంది. హిమాచల్ సంగతి తెచ్చింది ఆ పిల్లే. అక్కడ కొండ కింద సొరంగం పడ్డాక, కనుమ మీదుగా వెళ్ళే పాత రోడ్డుని వాహనాలు వదిలేశాయట. ఒకచోట వంతెన కొట్టుకుపోతే మళ్ళీ కట్టలేదు. ఇప్పుడు ఆ దారిలో గొర్రెలవాళ్ళూ సైకిళ్ళవాళ్ళూ తప్ప ఎవరూ పోరని ఫోన్‌లో ఫోటోలు చూపించింది. అమ్మకి ఆ ఫోటోలు నేనే చూపించాను. ఒక్క బండి కూడా లేదు చూడు అన్నాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఫోటో పెద్దది చేసి చూసి, సరే వెళ్ళు అంది.

మేము తొందరపడలేదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే చదివేవాళ్ళు మేము ఆగకుండా పైకెక్కేసి ఉంటామనుకుంటారు. ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడాలని కింద ఊళ్ళో రెండు రాత్రులు, మధ్యలో ఇంకో ఊళ్ళో రెండు రాత్రులు ఆగాం. ఎత్తు పడక జబ్బు చెయ్యకుండా డాక్టర్ రాసిన డయామాక్స్ మాత్రలు వేసుకున్నాం. సైకిల్ తొక్కిన మొదటి రెండు రోజులు నది ఎడమ గట్టున పోయే కంకర దారి. అవతలి గట్టున కొత్త రోడ్డు మీద బస్సులు బొమ్మల్లా కనబడేవి, ఇవతల మేము ముగ్గురమే. టైర్ల కింద రాళ్ళు నలిగే చప్పుడు, నది చప్పుడు, అంతే. నా జీవితంలో అంత నిశ్చింతగా సైకిల్ తొక్కింది లేదు.

నేను చేసిన తప్పు నీళ్ళ దగ్గర. ఆ కొండల మీద చెట్టు లేదు, పొద లేదు, గోడ లేదు. డయామాక్స్ వేసుకుంటే గంటకోసారి ఒంటికి వెళ్ళాలి. ఫిలిప్ అన్న పెద్దమనిషే, అటు తిరిగి నిలబడేవాడు. అయినా నాకు చచ్చేంత సిగ్గు. అందుకని నీళ్ళు తాగడం తగ్గించాను. షిఫ్టులో అలవాటే, ల్యాబ్‌లో ఆడవాళ్ళ బాత్‌రూం దూరం కాబట్టి మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్ళతో నెట్టుకొచ్చేదాన్ని. పెదాలు పగిలి, ఒంటేలు టీ డికాషన్ రంగులోకి మారినా, చలిగాలికి అనుకున్నాను. నా నీళ్ళ సీసా సాయంత్రానికి సగం నిండే ఉండేది.

మూడోరోజు కనుమ ఎక్కుతుంటే పన్నెండో మలుపులో ఆ పోటు వచ్చింది. పదిహేనో మలుపుకి మళ్ళీ వచ్చింది, ఈసారి ఎడమ భుజంలోకి పాకింది. సైకిల్ పట్టుకున్న తీరు వల్ల కండరం పట్టేసిందనుకున్నాను. వాము నమిలాను. పదిహేడో మలుపు దగ్గర గొర్రెలవాళ్ళు రాళ్ళు పేర్చి కట్టుకున్న చిన్న గుడిసె ఉంది. అక్కడికి చేరి సైకిల్ పడేసి వాంతి చేసుకున్నాను. ఊపిరి పీలిస్తే డొక్కలో కత్తి దిగుతోంది. రూతు నా వేలికి ఆక్సిజన్ కొలిచే చిన్న మిషన్ తగిలించి చూసి, తండ్రి వైపు తిరిగి హిందీలో ఏదో మెల్లగా చెప్పింది. ఆ మిషన్ డెబ్బై రెండు చూపించిందని తర్వాత తెలిసింది.

కాసేపు పడుకుంటే తగ్గిపోతుంది, మీరు పైదాకా వెళ్ళిరండి అన్నాను. ఫిలిప్ అన్న నా హెల్మెట్ విప్పుతూ అన్నాడు.

"కాసేపట్లో తగ్గుతాది అని మాత్రం అనకు చెల్లెమ్మా. యార్డులో ఆ మాట అన్నోళ్ళని మోసినోణ్ణి నేను. ఉతరో, దిగిపోదాం."

దిగడం అంటే దేనిమీద? ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఎటు చూసినా బండి లేదు, బండి వచ్చే దారీ లేదు. ఇంతకాలం నేను ఏరికోరి వెతుక్కున్నది సరిగ్గా ఇదే. కొట్టుకుపోయిన వంతెన దగ్గరికి పదకొండు కిలోమీటర్లు. దాని అవతలకి మాత్రం రోడ్డు పనివాళ్ళ పికప్ బండి వస్తుంది. రూతు ముందు దిగిపోయి ఆ పికప్‌ని ఆపేటట్టు, మేము వెనక వచ్చేటట్టు అనుకున్నారు. ఆ పిల్ల ఆ గులకరాళ్ళ మీద బ్రేకులు వదిలేసి పోయిన పోకడ చూసి నా నొప్పి మర్చిపోయి భయపడ్డాను.

ఫిలిప్ అన్న నా సైకిల్ సీటు పూర్తిగా దించి, టైర్లలో గాలి కాస్త తీసి, నన్ను దాని మీద కూర్చోబెట్టాడు. నా చేతులు హ్యాండిల్ మీద ఉన్నాయిగానీ సైకిల్ పట్టింది ఆయనే. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి నా వీపు మీద. మన దగ్గర బియ్యం బస్తాని సైకిల్ మీద వేసుకుని పక్కన నడుచుకుంటూ తోసుకెళ్తారు చూడండి, అలా నన్ను పదకొండు కిలోమీటర్లు తోసుకొచ్చాడు. తన సైకిల్ ఆ గుడిసె దగ్గరే వదిలేశాడు. ప్రతి రాయికీ నేను మూలిగాను. ప్రతి రెండు మలుపులకీ ఆపి నోట్లో నీళ్ళు పోశాడు, వద్దంటే తిట్టాడు. నేను చచ్చిపోతానని అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు, ఆయన అప్పటికే రొప్పుతున్నాడు.

వంతెన దగ్గర మోకాలి లోతు మంచునీళ్ళలో నన్ను వీపున వేసుకుని దాటించాడు. అవతల పికప్ ఉంది, రూతు ఉంది. మధ్యాహ్నం మూడింటికి ఒక చిన్న హెల్త్ సెంటర్‌కి చేర్చారు. ఆక్సిజన్ పెట్టారు, ఈసీజీ తీశారు, గుండె బాగుందన్నారు. అక్కడున్న కుర్ర డాక్టర్ మొదట గ్యాస్ట్రిక్ అనుకుని ఇంజెక్షన్ ఇచ్చాడు. తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరిందేమోనని స్టెతస్కోప్ పెట్టి విన్నాడు. చెస్ట్ క్లియర్, అయినా ఈ నొప్పి నాకు నచ్చట్లేదు, ఇంకా కిందికి పంపుతున్నాను అన్నాడు. తెలియనిది తెలియదని ఒప్పుకుని అంబులెన్స్ ఎక్కించిన ఆ అబ్బాయికి నేను రుణపడి ఉన్నాను.

సాయంత్రానికి లోయలో ఉన్న పట్టణం ఆసుపత్రికి చేరాం. అల్ట్రాసౌండ్‌లో ప్లీహం వాచి ఉంది. ప్లీహాన్ని స్ప్లీన్ అంటారు, మన దగ్గర హిందీవాళ్ళు తిల్లీ అంటారు. కడుపులో ఎడమవైపు, పక్కటెముకల చాటున ఉంటుంది. మర్నాడు పొద్దున్నే సీటీ స్కాన్ తీశారు. రిపోర్టు పట్టుకుని పెద్ద డాక్టర్ వచ్చారు, మిలటరీలో చాలాకాలం పనిచేసి వచ్చినాయన. నన్ను నొప్పి గురించి అడగలేదు. ఊరు అడిగారు. భిలాయి అన్నాను.

"ఛత్తీస్‌గఢ్ సే? సికిలింగ్ కా టెస్ట్ హువా హై కభీ?"

సికిలింగ్ టెస్ట్ ఎప్పుడైనా అయిందా అని. మా ఊళ్ళో ఆ మాట తెలియనివాళ్ళు లేరు. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు మా వైపు ఎక్కువ. పిల్లలు కీళ్ళనొప్పులతో ఏడుస్తూ నెలకోసారి ఆసుపత్రికి పోతుంటారు. నాకలాంటిదేమీ లేదని చెప్పాను, ఎప్పుడూ ఆరోగ్యంగానే ఉన్నానన్నాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని నెమ్మదిగా చెప్పారు. నాకున్నది జబ్బు కాదు, ట్రైట్ అయి ఉండొచ్చు. అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే వస్తే ట్రైట్. కింద ఊళ్ళో ఉన్నంతకాలం అది ఉన్నట్టే తెలియదు. పైన ఆక్సిజన్ తగ్గి, ఒంట్లో నీళ్ళు తగ్గితే, రక్తకణాలు కొడవలిలా వంగి ప్లీహంలో సన్నటి నాళాలకి అడ్డంపడతాయి. అక్కడి కండ చచ్చిపోతుంది. దాన్ని స్ప్లీనిక్ ఇన్‌ఫార్క్ట్ అంటారు. కొండ మీదికి డ్యూటీకి వచ్చిన సైనికుల్లో తను చూశానన్నారు. రక్తం హెచ్‌పీఎల్‌సీ పరీక్షకి పంపుతున్నాను, ఈలోపు ఇంట్లో అడిగి చూడు అన్నారు.

అమ్మకి ఫోన్ చేశాను. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉంది, మాట ముక్కలుగా వస్తోంది. చిన్నప్పుడు నాకు సికిలింగ్ టెస్టు చేయించావా అని అడిగాను.

"స్కూల్లో సేసేరు," అంది అమ్మ. "నువ్వు ఏడో క్లాసులో ఉన్నప్పుడు. కార్డొచ్చింది."

"ఏటుంది అందులో?"

"ఏఎస్ అని ఉంది. నీకు ఏటీ అవదని సెప్పేరే. పెళ్ళప్పుడు అవతలోళ్ళకీ టెస్టు సేయించాలన్నారు, అంతే. పక్క క్వార్టరు పార్వతమ్మ కూతురి సంబంధం ఆ కార్డు మూలానే పోనాది. నా కళ్ళతో సూసేను. నీకు సెప్తే నువ్వు ఊరంతా సెప్పీగలవని దాచీసేను."

ఆ ఆఖరి మాటలో అబద్ధం లేదు, నేను కడుపులో మాట దాచుకునే రకం కాదు. కానీ ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. రాయిలో ఏముందో చెప్పి జీతం తీసుకునేదాన్ని, నా రక్తంలో ఏముందో ఇరవై ఏడేళ్ళు తెలియకుండా బతికాను. పెళ్ళి కోసం దాచిన కార్డు, పెళ్ళే కాలేదు. నవ్వాలో తిట్టాలో కూడా తెలియలేదు. రిపోర్టు వచ్చింది, ఏఎస్, అంటే సికిల్ సెల్ ట్రైట్ అనే వచ్చింది.

ఆరు రోజులు ఆక్సిజన్, సెలైన్, నొప్పి ఇంజెక్షన్లు. ప్లీహంలో సగం దాకా దెబ్బతిందన్నారు. మిగతా సగం నిలబడుతుందో లేదో చూడాలన్నారు. విమానం వద్దన్నారు. కిరణ్ వచ్చి రైల్లో తీసుకొచ్చాడు. వాడికి ముప్పై ఒకటి, ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో సూపర్‌వైజర్. దారి పొడుగునా గ్లాసు పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నాడు, గంటకోసారి నీళ్ళు తాగించాడు. అమ్మ ఫోన్‌లో చెప్పినదాని గురించి నేను వాడితో ఎత్తలేదు. అమ్మని ఎదురుగా అడిగాక చెప్దామనుకున్నాను.

ఇంటికొచ్చిన నాలుగో రోజున జ్వరం వచ్చింది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. మళ్ళీ ఆసుపత్రి, ఈసారి భిలాయిలో. ఎడమ ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు, ప్లూరల్ ఎఫ్యూజన్. వీపులో సూది గుచ్చి నీరు తీశారు. ప్లీహంలో చీము పడితే తీసెయ్యాల్సి వస్తుందని సర్జన్ వచ్చి చూశారు. ఆపరేషన్ అన్నది ఆఖరి మాట, అయినా దానికి ముందు వెయ్యాల్సిన టీకాలు ఇప్పుడే వేసేద్దాం, తిల్లీ లేనివాళ్ళకి ఇన్‌ఫెక్షన్లు తేలిగ్గా అంటుకుంటాయి అన్నారు. ఆ రోజుల్లో నాకు ఎక్కువ గుర్తులేదు. కొండ మీద కంటే ఇక్కడే ఎక్కువ భయపడ్డాను, ఎందుకంటే ఇక కిందికి దిగడానికి ఏమీ మిగల్లేదు.

జ్వరం కాస్త తగ్గిన రోజున అమ్మ నా తల దువ్వుతూ ఒక మాట అడిగింది. కిరణ్‌కి కోహ్కాలో ఒక తెలుగు కుటుంబంలో సంబంధం కుదిరింది, రెండు నెలల్లో పెళ్ళి. ఆ అమ్మాయి పేరు స్వాతి. అది జరిగేదాకా ఈ జబ్బు పేరు బయట ఎత్తొద్దంది. మలేరియా వల్ల ప్లీహం వాచిందని చెప్దాం, మన వైపు మలేరియా రానిదెవరికి, ఎవరూ అనుమానించరు అంది. కిరణ్‌కి కూడా స్కూల్లో టెస్టు చేశారా అని అడిగాను. వాడి కార్డు చింపేశానంది. ఏముందో కూడా చూడకుండా చింపేసిందట. చూస్తే గుర్తుంటుందని.

నాకు ఒళ్ళు మండింది. కానీ నిజం చెప్తాను, ఆ రెండు రోజులు నేను కూడా మలేరియా అనే చెప్పాను. పరామర్శకి వచ్చిన ఇరుగుపొరుగుకి చెప్పాను, ల్యాబ్‌లో వాళ్ళకి చెప్పాను. కిరణ్‌తో కూడా, ఒంట్లో ఓపిక వచ్చాక మాట్లాడదామని వాయిదా వేశాను. అమ్మ ముఖం చూసి నోరు రాలేదు. నాన్న పోయాక మా ఇద్దరినీ ఒక్కచేత్తో లాక్కొచ్చిన మనిషి, జీవితంలో నన్ను అడిగింది రెండే, బండ్లు లేని దారీ ఈ మలేరియా. ఏదో చిన్న అబద్ధం, రెండు నెలలే కదా అని సర్దిచెప్పుకున్నాను.

మూడోరోజు సాయంత్రం స్వాతి, వాళ్ళమ్మ వచ్చారు. సంచీలో బత్తాయిలు తెచ్చారు. అమ్మ వాళ్ళని కూర్చోబెట్టి ఒక పండు వలుస్తోంది. స్వాతి నా మంచం పక్కకి జరిగి, కిరణ్ తనకి నా ఫోటోలు పంపించాడని, ఆ నది గట్టు దారి, ఆ కనుమ మలుపులు చూసి మతిపోయిందని చెప్పింది. ఇక్కడే పుట్టిపెరిగిన పిల్ల, సగం తెలుగూ సగం హిందీ.

"దీదీ, మీరు జల్దీ బాగైపోవాలి. పెళ్ళయ్యాక మేము కూడా అదే దారికి వెళ్తాం. కిరణ్ సైకిళ్ళు కిరాయికి మాట్లాడేశారు, తెలుసా? ఒక్క బండి కూడా ఉండదంట కదా."

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ చేతిలో పండు సగం వలిచి ఆగిపోయింది. నేనే చెప్పాలని నోరు తెరిచాను, ఊపిరి అందక దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఆగేలోపు అమ్మ ఆ పండు పళ్ళెంలో పెట్టి, చేతులు చీరకి తుడుచుకుంది.

"మలేరియా కాదమ్మా," అంది స్వాతితో. "దీని రక్తంలో సికిలింగ్ ఉంది. నాకు తెల్సు, నానే దాచీసేను. అది తెలీక ఆ కొండెక్కి సావుదాకా ఎల్లొచ్చింది. కిరణ్‌కీ ఉండొచ్చు, ఆడికీ నాను సెప్పలేదు. ఆడ్ని ఆ దారికి తీసికెల్లకు తల్లీ."

స్వాతి వాళ్ళమ్మ లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. అప్పుడే మందులు కొనుక్కుని వచ్చిన కిరణ్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. వాడు అమ్మని ఒక్కమాట కూడా అనలేదు. మందుల కవరు బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడే వాడి రక్తం తీశారు. ఏఎస్. నాలాగే. స్వాతి కూడా తనంతట తను వెళ్ళి టెస్టు చేయించుకుంది, తనకి లేదు. ఇద్దరిలో ఒక్కరికే ట్రైట్ ఉంటే పుట్టే పిల్లలకి జబ్బు రాదని డాక్టర్ రెండు కుటుంబాలనీ కూర్చోబెట్టి చెప్పారు. స్వాతి వాళ్ళ నాన్న అన్నీ విని తల ఊపారు. వారం తర్వాత మధ్యవర్తితో కబురు పంపారు, ఈ సంబంధం వద్దని. అమ్మ దేనికి భయపడిందో అదే జరిగింది. స్వాతీ కిరణూ ఇప్పటికీ ఫోన్లో మాట్లాడుకుంటారని నాకు తెలుసు. ఏమవుతుందో తెలియదు, అది వాళ్ళ సంగతి.

ఇది జరిగి ఏడాది దాటింది. ప్లీహం తియ్యాల్సిన అవసరం పడలేదు. సగం ముడుచుకుపోయింది, మిగతా సగం పనిచేస్తోందన్నారు. టీకాలు సమయానికి వేయించుకుంటున్నాను. జ్వరం వస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను. ఎత్తు ప్రదేశాలకి ఇక వెళ్ళకూడదు. హిమాచల్‌లో నేను రాసిపెట్టుకున్న దారులు ఇంకా మూడు మిగిలాయి. ఆ పేజీలు రూతుకి ఇచ్చేశాను. ఇచ్చిన రోజు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. ఫిలిప్ అన్న కొండ మీద వదిలేసిన సైకిల్‌ని గొర్రెలవాళ్ళు దించి రోడ్డు పనివాళ్ళకి ఇచ్చారు, అది రైల్లో చరోదా చేరింది.

ఆదివారాలు మళ్ళీ నందిని వెళ్తున్నాను. మొదట్లో ఐదు కిలోమీటర్లకే ఆయాసం వచ్చేది, ఇప్పుడు పాతిక పోతున్నాను. రెండు సీసాలు తీసుకెళ్తాను, రెండూ ఖాళీ చేసుకుని వస్తాను. పొద చాటు కావాలంటే ఫిలిప్ అన్నని ఆగమని సిగ్గులేకుండా చెప్తాను.

అమ్మ మీద నా కోపం ఒక్కసారిగా పోలేదు, కొంచెం కొంచెంగా పోయింది. ఈమధ్య ఒక మధ్యాహ్నం చిక్కుళ్ళు ఒలుస్తూ అడిగాను, ఆ రోజు స్వాతి ముందు ఆ మాట అన్నందుకు బాధగా ఉందా అని. అమ్మ తలెత్తలేదు.

"సంబంధం పోనాది," అంది. "ఆడు ఉన్నాడు కదే."

చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. మీరు సైకిల్ మీద వెళ్ళినా, తీర్థయాత్రకి వెళ్ళినా, ఉద్యోగం మీద వెళ్ళినా, కొండల మీదికి వెళ్ళేముందు సికిలింగ్ టెస్టు ఒక్కసారి చేయించుకోండి. మా వైపువాళ్ళయితే తప్పకుండా. చేయించుకునేముందు ఇంట్లో అమ్మని అడగండి, చిన్నప్పుడు స్కూల్లో ఏదైనా కార్డు వచ్చిందా అని. నేను ఆసుపత్రి మంచం మీంచి, ముక్కులో గొట్టం పెట్టుకుని ఆ మాట అడిగాను. మీరు ఇంట్లో, ఆమె పక్కన కూర్చుని అడగండి. కోప్పడకుండా అడగండి, ఆమె భయపడి దాచి ఉంటుంది. చెప్పేదాకా అక్కణ్ణించి లేవకండి.